మూడో ముడి

నాకున్న పెద్ద భయం ఒక్కటే. బడి వదిలాక నా కూతురు ఆ లారీల రోడ్డు ఒక్కతే దాటాల్సి రావడం. ముడులేసిన తాడును ఒక్కో ముడి దగ్గర ఒక్కో పిల్ల చేత పట్టించి రోడ్డు దాటించే ఆయమ్మను తీసేశారని విని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. కౌన్సిల్ మీటింగు అప్పటికే అయిపోయింది. మెట్ల మీద ఆయమ్మ, మా వార్డు మెంబరు మాట్లాడుకుంటున్నారు.

"నేనేం తప్పు చేశాను బాబూ?"

"నీ తప్పేం లేదు ఆయమ్మా. రోడ్డు పని కాబట్టి నీ జీతం పోలీసుల పద్దులో రాయమని బడివాళ్లన్నారు. పిల్లల పని కాబట్టి బడి పద్దులోనే రాయమని పోలీసులన్నారు. చివరికి ఎవరూ రాయలేదు."

"మరి నువ్వేమన్నావు?"

"నీ బదులు ఆ రోడ్డు మీద కెమెరాలు పెట్టడానికి చెయ్యెత్తాను. అందరూ ఎత్తారు."

"కెమెరా వచ్చి పిల్లల్ని దాటిస్తుందా?"

"గుద్దిన బండి నంబరు దొరుకుతుంది కదా."

"గుద్దాక కదా నాయనా! చిన్నప్పుడు మూడో ముడి నీదే. రోజూ వదిలేసి పరిగెత్తేవాడివి. నీ చొక్కా ఎన్నిసార్లు పట్టి లాగానో!"

"గుర్తుంది ఆయమ్మా. వచ్చే ఏడాది చూద్దాంలే."

"సరే. రేపు మామూలుగానే వస్తాను."

"జీతం లేకుండానా? ఆ మోకాళ్లతోనా? మొన్ననే కదా రోడ్డు మీద పడ్డావు!"

"పిల్లలు నా కోసం గేటు దగ్గర నిలబడి ఉంటారు బాబూ."

ఇప్పుడు ఆ మూడో ముడి నా కూతురిది. ఆ వేళకు నేను ఫ్యాక్టరీలో కుట్టు మిషన్ దగ్గర ఉంటాను, బయటికి పంపించరు. సాయంత్రం నాలుగింటికి మీరు అటు వెళ్తే, ఆయమ్మ నిలబడగలుగుతోందో లేదో ఒక్కసారి చూడండి.