పాత అడ్రసు

కుట్టు మిషను మీద సగం కుట్టిన గుడ్డ బొమ్మ అలాగే ఉంది. అక్క తన ఫోను తమ్ముడి ముందుకు తోసింది.

“చూడరా, బొమ్మలు అమ్మిన డబ్బు మళ్ళీ ఆపేశారు. వారం నుంచీ ఇదే గోల!”

“ఆన్‌లైన్ పేమెంట్లవాళ్ళు మాత్రం ఏం చేస్తారక్కా? ఈ నెల నుంచి ఏ ప్రాంతం వాళ్ళకి ఆ ప్రాంతం పన్ను పట్టుకోవాలట. అందుకే అందరి అడ్రసులూ సరిచూస్తున్నారు.”

“చూసుకోమను. నేనేమన్నా దాక్కున్నానా?”

“పోస్టులో ఉత్తరం పంపారట. అందులో ఉన్న కోడ్ ఇక్కడ కొడితే డబ్బు వదుల్తారు.”

“ఏదీ? రోజూ పోస్టుమ్యాన్ ప్రాణం తీస్తూనే ఉన్నా.”

“ఇక్కడికెలా వస్తుంది? ఇందులో ఇంకా బావ ఇంటి అడ్రసే ఉంది. నువ్వు వచ్చేసి రెండేళ్ళయింది, మార్చుకోవద్దూ?”

“మారిస్తే పదిహేను రోజులు ఖాతా ఆపుతామన్నారు. అప్పుడు నలభై బొమ్మల ఆర్డరుంది. తర్వాత చూద్దాంలే అనుకున్నా.”

“ఇప్పుడు మార్చాలన్నా ముందు ఆ కోడే కావాలట.”

“వీళ్ళ రూల్సు తగలెయ్య! ఆ మనిషి ముందు చెయ్యి చాపకూడదనే కదరా, ఆ ఇంట్లో ఉన్నప్పుడే ఈ బొమ్మలు మొదలెట్టింది!”

“పోనీ, నేను అడుగుతాలే. బావ ఫోను నంబరుందా?”

“వచ్చేసిన రోజే తీసిపారేశా.”

“మరెలా?”

అక్క సగం కుట్టిన బొమ్మని మిషను మీంచి తీసి పక్కన పెట్టింది.

“రాసుకో, చెప్తా. ఇంకా నోటికొచ్చు, నా ఖర్మ.”