కాలిన వంటింటికి ముగ్గేసినాము

“మామ్మా, కొత్త ఫ్లాటుకి ఫైర్ ఇన్సూరెన్సు కట్టమంటున్నారు. కట్టనా?”

కట్టవే తల్లీ, అడుగుతావేటి! ఆ కళ్ళజోడు ఇలగియ్యి... మాటాడ్డానికి కళ్ళజోడెందుకులే. కూకో, సెప్తాను.

మీ తాత ఆ బెంగాలీ ఊళ్ళో రైలు వర్క్‌షాపులో ఫిట్టరు. ఎన్నాళ్ళీ రైలు క్వార్టర్సని, ప్రేమ్ బజారవతల పెంకుటిల్లు కట్టినాడు. అప్పుడు పెంకులు వెయ్యి... ఎంతబ్బా? మర్చిపోనాను, సవకే. గృహప్రవేశమయిన వారానికి బీమా బాబొకాయన, బెంగాలీ ఆయన, సైకిలేసుకొచ్చినాడు. ‘దాదా, ఇల్లు కాలితే కంపెనీ డబ్బులిస్తాది’ అన్నాడు. మీ తాత సంతకం పెట్టీసినాడు. మా అత్త ఊరుకుంటాదా? ‘గుమ్మానికి రాసిన పసుపింకా ఆరనేదు, ఇల్లు కాలితే అని కాయితం రాయించుకుంటావురా, నీ నోట్లో మన్ను బడా!’ అని మూడ్రోజులు కొడుకుతో మాటాడనేదు.

మరి నిజంగానే ఇల్లంటుకున్నాది. ఆ నిప్పెవరివల్లొచ్చిందనుకున్నావు? ఆవిడవల్లే! కావాలని కాదే, రామరామ. మీ తాతకి మిస్త్రీగా ప్రమోషనొచ్చినాదని జంతికలు వండతంది. బొగ్గుల పొయ్యి మీద నూనె కాగతంది, ఈవిడేమో కిటికీలోంచి పక్కింటి దీదీతో కబుర్లు. ఈవిడకొచ్చిన బెంగాలీ నాలుగు ముక్కలు, ఆ నాలుగూ అయీదాకా నూనె ఆగుతాదేటి? బగ్గుమన్నాది. అటక మీద గోనిసంచులంటుకున్నాయి, వాసాలంటుకున్నాయి. వీధంతా బిందెలట్టుకుని పరిగెట్టుకొచ్చినారు. పెద్దిల్లు దక్కింది గానీ వంటిల్లు పోనాది. మనుషులకేటీ అవనేదు, అదే పదివేలు.

‘నా సేతుల్తో నా కొడుకు కొంప కాల్సీసినాను’ అని అత్త అన్నం ముట్టదు. వానల్లోపు కప్పెయ్యకపోతే గోడలు కూలిపోతాయి, ఇల్లమ్ముకుని అద్దెకి పోడమే. మీ తాత సేతిలో ఏటీ నేదు. ఉన్నదల్లా ఆ కాయితమే.

కంపెనీ నుంచి కబురొచ్చినాది, ఆఫీసరుబాబు ఇల్లు సూడ్డానికొస్తాడని. మీ తాత ఆ ముక్క సెప్పి డూటీకి పోనాడు. పెద్దమనిషి ఇల్లు సూడ్డానికొస్తంటే మనోళ్ళేటి సేస్తారే? అదే సేసినాము! అత్త లెగిసి కొంగు దోపింది. వీధిలో ఆడోళ్ళందరమూ కలిసి బుగ్గంతా ఎత్తిపోసినాము. కాలిన కర్రలు పొయ్యిలోకి పనికొస్తాయని తలోటీ పట్టుకుపోనారు. గోడలకి సున్నం, నేలకి పేడ, ముంగిట్లో ముగ్గు, గుమ్మానికి మావిడాకులు. పెళ్ళోరిల్లులాగున్నాది!

మజ్జాన్నం మీ తాత ఆయన్ని ఎంటబెట్టుకొచ్చినాడు. ఆ బాబు గొడుగు ముడిసి అటు సూసినాడు, ఇటు సూసినాడు. ‘ఆగున్ కోథాయ్?’ అన్నాడు, మంటెక్కడయ్యా అని. నాకు ఓపక్క భయమూ, ఓపక్క నవ్వూను.

అత్తకి అప్పుడు తెలిసొచ్చినాది. వీధిలోకెళ్ళి ఒక్క కేకేసింది: ‘ఓలమ్మల్లారా, నా బుగ్గి నాకు తెచ్చియ్యండే!’ అందరూ వొచ్చినారు. కాలిన వాసం ఒకర్తి, కరిగిన సత్తు గిన్ని ఒకర్తి, సగం కాలిన పీట నెత్తినెట్టుకుని పక్కింటి దీదీ. ఒకావిడైతే తలుపు చెక్క అప్పుడే పొయ్యిలో ఎట్టీసిందట, నీళ్ళు సల్లి పొగల్తోటే తెచ్చింది. ‘ఇది మా ఇంట్లో కాలింది కాదు బాబూ, లెక్కెయ్యకు’ అన్నాది అత్త. నిజాయితీ మనిషే, ఏటనుకున్నావు! నూనె సంగతీ ఆవిడే సెప్పీసి, ‘తప్పు నాది, నా కొడుకుది కాదు’ అని సేతులు జోడించింది. తప్పు మనదంటే డబ్బులియ్యరేమోనని బెదురుతూనే మీ తాత అదంతా బెంగాలీలో సెప్పినాడు.

ఆ బాబు నవ్వి నవ్వి కళ్ళు తుడుసుకున్నాడు. ‘అమ్మా, పొరపాటున జరిగినాది, అందుకే కదా బీమా’ అన్నాడు. ఆ మాటకి మా అత్త, ఇల్లు కాలినప్పటికంటే ఎక్కువేడిసింది. నానూ ఏడిసినాను, సంతోషంతోటి.

వానలకి ముందే పెంకెక్కింది. కొత్త పొయ్యి మీద మొదట ఏటొండినాదనుకున్నావు? జంతికలే! కిటికీ మూసి మరీ వండినాది. ఆ పైన ఏటేటా ‘బీమా కట్టినావేట్రా’ అని మీ తాత పేణం తీసీది.

సంతకం పెట్టు తల్లీ. నీ పొయ్యి సల్లగుండాల... అయ్యో, కాదు కాదు, నీ పొయ్యి ఎలగాల, ఇల్లు సల్లగుండాల. ఒకేళ ఏటన్నా అయితే మాత్రం, ఆఫీసరొచ్చీదాకా సీపురు ముట్టుకోకే.