అట్లాసులో చిల్లు

(సూరత్, బమ్రోలిలోని మూడు గల్లీల సంఘం ఏర్పాటు చేసిన సన్మాన సభలో, తెలుగు బడి నుంచి పదవీ విరమణ చేసిన సాంఘిక శాస్త్రం మాస్టారు సోమలింగం ఇచ్చిన వీడ్కోలు ప్రసంగం)

సభాధ్యక్షులు, మన మూడు గల్లీల్లో మొట్టమొదట మరమగ్గం, అదే మన సాంచె, బిగించిన పెద్దమనిషి రాజమల్లు గారికి, నా పక్కనే కూర్చుని చేతిలో తీర్మానం కాగితం పట్టుకుని నేను ఎప్పుడు ముగిస్తానా అని చూస్తున్న మన కార్యదర్శి మొండయ్యకు, ముందు వరుసలో నాకంటే గడియారాన్నే ఎక్కువ చూస్తున్న నా భార్య పోశమ్మకు, సాంచెలు ఆపి వచ్చిన అన్నలకు, ఆపకుండా పక్కవాడికి అప్పజెప్పి వచ్చిన తమ్ముళ్లకు, ఒకప్పుడు నేను బెంచీ ఎక్కిస్తే ఇవాళ నన్ను వేదిక ఎక్కించిన నా విద్యార్థులందరికీ నమస్కారం.

ఇందాకటి నుంచి మీరు నా గురించి చెబుతున్న మంచి మాటలు వింటూ, ఈ సోమలింగం ఎవరో మహానుభావుడు, ఒకసారి కలవాలి అనుకున్నాను. (నవ్వులు) మా పోశమ్మ కూడా వెనక్కి తిరిగి చూసింది, ఆయన ఎక్కడ కూర్చున్నాడా అని. ముప్పై ఒక్క ఏళ్లు ప్రపంచ పటం ముందు కర్ర పట్టుకుని నిలబడ్డాను కాబట్టి ప్రపంచమంతా నాకు తెలుసని రాజమల్లు గారు అన్నారు. అయ్యా, నేను చూసిన ప్రపంచం ఉధ్నా స్టేషన్ నుంచి సిరిసిల్ల దాకా, మధ్యలో రైలు ఆగినచోట దొరికే చాయ్‌తో సహా. మిగతాది అట్లాసులో చూశాను. ఆ అట్లాసు ఇదిగో, బడివాళ్లు నాకు బహుమతిగా ఇచ్చారు. అట్ట పోయింది, ఆఫ్రికా సగం ఊడింది, పసిఫిక్ మహాసముద్రం ఉన్న పేజీలో మాత్రం ఒక చిల్లు ఉంది. ఈ చిల్లు పెట్టింది నేనే. ఇవాళ ఆ నేరం ఒప్పుకోవాలని వచ్చాను.

ఇరవై రెండేళ్ల కింద, ఏడో తరగతిలో సముద్రాలు చెబుతున్నాను. మూడో బెంచీలో కూర్చునే పిల్ల, చివరి గల్లీ నవత, పటం దగ్గరికి వచ్చి వేలు పెట్టి, "సార్, గీ చుక్క ఏంది?" అంది. నాకు తెలియదు. తెలియదని చెప్పే అలవాటు అప్పటికి నాకు లేదు. "ఈగ కూర్చున్న మచ్చ" అన్నాను. ఆ పిల్ల ఊరుకుంటేనా! "ఈగైతే ఒక్క మచ్చ ఉండాలె గద సార్, మూడున్నయి. గీడ మనుషులుంటరా?" అంది. "ఎవరూ ఉండరు, పోయి కూర్చో" అని, నా మాట నిలబెట్టుకోవడానికి వేలు తడిచేసి ఆ మచ్చను తుడిచాను. పోలేదు. గోటితో గీకాను. పోలేదు. పెన్సిల్ చెక్కే బ్లేడు తీసుకున్నాను. ఈసారి మచ్చతో పాటు కాగితం కూడా పోయింది. తరగతి అంతా చూస్తుండగా ఒక భూగోళం మాస్టారు ఒక దేశాన్ని బ్లేడుతో లేపేశాడు. (నవ్వులు) నవ్వండి, మీలో సగం మంది ఆరోజు ఆ గదిలోనే ఉన్నారు, అప్పుడు నవ్వడానికి ధైర్యం చాలలేదు అంతే.

ఆ పిల్ల మాత్రం వదల్లేదు. చూపు తప్పించుకుని పోదామంటే చెప్పుల స్టాండు దగ్గర నిలబడి "తెలిసిందా సార్?" అనేది. వారం రోజులు భరించి, ఉధ్నా స్టేషన్ దగ్గర కొత్తగా పెట్టిన ఇంటర్నెట్ సెంటరుకు పోయాను. అక్కడి గుజరాతీ అబ్బాయి నా ధోవతి చూసి, "క్యా దేఖ్నా హై, కాకా?" అని ఏం చూడాలో అడిగాడు. "పోగొట్టిన దేశం" అన్నాను. వాడికి ఏం అర్థమైందో కానీ మెషీన్ ముందు కూర్చోబెట్టాడు.

దాని పేరు టోకెలావ్. అటాఫు, నుకునోను, ఫకావోఫో అని మూడు దీవులు. మూడూ కలిపితే పన్నెండు చదరపు కిలోమీటర్లు, మన సూరత్‌లో ఒక మూలకు చాలవు. ఒక్కో దీవి విరిగిన గాజు ముక్కలను గుండ్రంగా పేర్చినట్టు ఉంటుంది, మధ్యలో ఉప్పునీటి మడుగు, బయట మహాసముద్రం. ఎత్తయిన చోటు కూడా అయిదు మీటర్లే, అంటే మన రాజమల్లు గారి మేడ ఎక్కి చూస్తే టోకెలావ్ అంతా కిందే ఉంటుంది. విమానం దిగదు. దక్షిణాన అయిదు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న సమోవా నుంచి ఓడలో పోవాలి, రోజు పైనే పడుతుంది, మనం సిరిసిల్ల పోయినట్టే. ఓడ కూడా ఒడ్డుకు రాలేదు, దూరంగా నిలబడితే పడవల మీద దిగాలి. ఉన్న జనం ఇంచుమించు పదిహేను వందలు. న్యూజిలాండ్ కింద ఉన్న భూభాగం కాబట్టి బతుకుతెరువుకు అక్కడికి పోతారు, ఇంటి దగ్గర ఉన్నవాళ్ల కంటే పోయినవాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ. అది చదివినప్పుడు నాకు ఆ దేశం చుట్టాలిల్లు లాగా అనిపించింది. మన ఊళ్లలో మనవాళ్లు ఎందరున్నారో, ఇక్కడా భీవండిలో ఎందరున్నారో మీకు వేరే చెప్పాలా!

అన్నిటికంటే నాకు నచ్చింది వాళ్ల చేపల పంపకం. దాన్ని ఇనాతి అంటారు. సముద్రం నుంచి తెచ్చిన చేపలన్నీ ఒకచోట పోసి, పట్టినవాడా పట్టనివాడా అని చూడకుండా ముసలివాళ్లకూ పసివాళ్లకూ అందరికీ వాటా వేస్తారు. నేను దీన్ని తెచ్చి మన పోచమ్మ బోనాల నాటి మాంసం పంపకానికి పెట్టాను. అంతకుముందు ఎవరి గొంతు పెద్దదైతే వారికి తొడ, తక్కినవాళ్లకు మెడ. మొదటి ఏడాది మన మొండయ్య ఆరు నెలల మనవణ్ణి చంకనేసుకుని వచ్చి, "సార్, మీ దేశం లెక్కల వీడున్నడా లేడా?" అని అడిగాడు. ఉన్నాడన్నాను. ఆ పిల్లవాడికి పళ్లు రాకముందే వాటా వచ్చింది. (నవ్వులు) ఆ వాటా ఎవరు తిన్నారో నేను అడగలేదు, ఇప్పుడు కూడా అడగను, మొండయ్యా, కంగారు పడకు.

ఇక ప్రభుత్వం సంగతి. అప్పట్లో మన సంఘానికి అధ్యక్షుడు ఎవరని పెద్ద పంచాయితీ నడిచింది గుర్తుందా? మూడు గల్లీలు, మూడు దండలు, ముగ్గురు పెద్దమనుషులు. ఒకే కుర్చీ మీద ముగ్గురి తువాళ్లు. ఆరు నెలలు సంఘం తలుపు తెరవలేదు. అప్పుడు లేచి టోకెలావ్ గురించి చెప్పాను. అక్కడ ప్రతి దీవికీ ఒక పెద్దల మండలి, ఒక నాయకుడు. ఆ ముగ్గురు నాయకులు ఏడాదికొకరు చొప్పున దేశం మొత్తానికి పెద్ద అవుతారు. ఆ పెద్దను ఊలు అంటారు. వాళ్లకు శాశ్వత రాజధాని లేదు, ఏ దీవి వంతు వస్తే ఆ ఏడాది రాజధాని ఆ దీవికే పోతుంది. నేల లెక్కన అన్నిటికంటే చిన్నది అటాఫు, అయినా దాని వంతు దానిదే, పూర్తి ఏడాది.

మీరు నా మాట విన్నారు. మరీ ఎక్కువగా విన్నారు. రాజధాని మారుతుంది అన్నానని, ఆ జూన్ నుంచి ఏటా సంఘం ఇనుప బీరువా, వంట చేసే పెద్ద గంజులు, జంపఖానాలు, బోర్డుతో సహా తోపుడు బండి మీద గల్లీ గల్లీకి తిప్పుతున్నారు. మొదటిసారి నడిమి గల్లీ మెట్ల మీద బీరువా ఇరుక్కుని పది రోజులు రాకపోకలు ఆగిపోయాయి. పై అంతస్తు రాములు పొద్దున పనికి పోవడానికి బీరువా మీదికెక్కి అటు దిగేవాడు. టోకెలావ్ వాళ్లకు బీరువా ఉన్నట్టు నేను ఎక్కడా చదవలేదని ఎంత చెప్పినా, "రూలంటే రూలే సార్" అన్నారు.

ఆ దేశం మీద నా అభిమానం ఎంత ముదిరిందంటే, 2006లో ఒకసారి, మరుసటి ఏడాది మరోసారి, తమను తామే పాలించుకుంటారా అని అక్కడ ఓటింగ్ పెడితే నేను అన్నం సగంలో వదిలేసి వార్తలు వెతికాను. మూడింట రెండు వంతులు కావాలి. రెండోసారి పదహారు ఓట్లు తక్కువయ్యాయి. ఇంటికి వచ్చి దిగులుగా చెబితే మా పోశమ్మ, "గా పదారు మంది పండుకొనుంటరు. నువ్వన్న పొయ్యి లేపకపోతివి, గీడ నన్ను లేపుతున్నవు" అంది. (నవ్వులు)

చాలు, నవ్వింది చాలు. ఇప్పుడు కొంచెం కష్టమైన పాఠం.

ఈ ఏడాది వంతు మన మొదటి గల్లీది, అధ్యక్షుణ్ణి నేను. ఇవాళ్టితో నా ఏడాది అయిపోయింది. రేపటి నుంచి చివరి గల్లీ వంతు. వాళ్లు నవత పేరు ఇచ్చారు. ఒకప్పుడు ఆ గల్లీలో నలభై ఇళ్లు, ఇప్పుడు పన్నెండు, మిగతావి గోడౌన్లు అయిపోయాయి. అందుకని మన పెద్దలు కొందరు ఆలోచించారు. మొన్న మొండయ్య మా ఇంటికి వచ్చి, "పన్నెండిండ్లకు అధ్యక్షత ఏంది సార్? గదీ ఒక ఆడిపిల్లకు! నువ్వెట్లనో రిటైరైతున్నవు, ఖాళీగనే ఉంటవు. నిన్నే పర్మనెంటు చేస్తం" అన్నాడు. మొండయ్య దుర్మార్గుడు కాదు, ప్రేమతోనే అన్నాడు. ఆ తీర్మానమే ఇప్పుడు అతని చేతిలో ఉంది. నా ప్రసంగం కాగానే చదువుతాడు, మీరు చప్పట్లు కొడతారు.

ఆ కాగితం కింద నా సంతకం కూడా ఉంది.

(సభలో గుసగుసలు)

అవును, పెట్టాను. నాకు ఆ కుర్చీ ఇష్టమండీ. రేపు పొద్దున బడి గంట నాకోసం మోగదు, ఇంట్లో కూర్చుంటే మా పోశమ్మ అప్పగించే పనులు నాకు తెలుసు. ఎవరో ఒకరు వచ్చి "అధ్యక్షా" అని పిలిస్తే బాగుంటుందనిపించింది. ఇరవై ఏళ్లు వంతుల గురించి మీకు పాఠం చెప్పి, నా వంతు దిగేటప్పుడు కుర్చీ కాలు పట్టుకున్నాను. సిగ్గుగానే ఉంది, చెబుతున్నాను.

పోయిన వానాకాలం మన పక్కన పారే ఖాడీ కాలువ పొంగింది. నీళ్లు ఎప్పుడూ ముందు చివరి గల్లీలోకే వస్తాయి, పల్లం అదే. తోడేసే మోటారు సంఘం గదిలో ఉంది. ఆ గది తాళంచెవి అధ్యక్షుడి దగ్గర ఉండాలి, ఉంది, నా జేబులో భద్రంగా ఉంది. నేను మాత్రం సిరిసిల్లలో మేనల్లుడి పెళ్లిలో ఉన్నాను. నవత పదకొండు సార్లు ఫోన్ చేసింది. బ్యాండు మోతలో వినపడలేదు. విని ఎత్తేసరికి ఇళ్లలో మోకాలి లోతు నీళ్లు, ఆడవాళ్లు గంజులతో ఎత్తిపోస్తున్నారు. "తాళం పగలగొట్టలేకపోయారా?" అని అరిచాను. ఆ పిల్ల ఏమందో తెలుసా? "మీ తాళం గద సార్, అడగకుంట ఎట్ల పగలగొడ్తం?"

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు. మునిగేది వాళ్ల గల్లీ, తాళం నాది. ఇంకో రెండు వారాల్లో మళ్లీ వానలు. అయినా మొన్న సంతకం పెట్టేటప్పుడు నాకు ఆ ఫోను గుర్తు రాలేదు, దండ గుర్తొచ్చింది. ఇవాళ పొద్దున బడిలో ఈ అట్లాసు నా చేతిలో పెట్టినప్పుడు, పేజీ తెరిచి ఈ చిల్లు చూశాక ఆ ఫోను గుర్తొచ్చింది. చిన్నగా ఉంది కదా అని అప్పుడు ఒకసారి గీకాను. మొన్న మళ్లీ అదే పని చేశాను, ఈసారి బ్లేడుకు బదులు పెన్నుతో.

మొండయ్యా, ఆ కాగితం ఒకసారి ఇటియ్యి. అరే, ఇయ్యవయ్యా, చదువుతానులే. (కాగితం తీసుకుంటారు) అక్షరాలు ముత్యాల్లా రాశావు, పాపం. ఇదిగో, నా సంతకం కొట్టేస్తున్నాను. ఈసారి కొట్టేసేది నా పేరునే కాబట్టి ఎవరికీ నష్టం లేదు. మీరు చప్పట్లు కొట్టాలనుకుంటే ఇప్పుడు కొట్టండి.

(చప్పట్లు)

రాజమల్లు గారూ, మీరు కూడా కొడుతున్నారు, సంతోషం. మొండయ్యా, నువ్వూ కొట్టు, నీ మనవడి వాటా ఎవరు తిన్నారో నేను బయట పెట్టలేదు కదా.

నాకు అన్నం పెట్టిన ఈ బడికి, నా తప్పులతో సహా నన్ను సార్ అని పిలిచిన మీ అందరికీ కృతజ్ఞతలు. శాలువా బాగుంది, మన సాంచెల మీద నేసిందే, తాకి చూస్తేనే తెలిసింది. మా పోశమ్మకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు, గడియారం చూడటం మానేసి కళ్లు తుడుచుకుంటోంది. బీరువాను మాత్రం దయచేసి ఈ ఏడాది మెల్లగా జరపండి, దానికి మిగిలినవి మూడు కాళ్లే.

నవతా, వెనక ఎందుకు నిలబడ్డావు, ముందుకు రా. జర జరగండమ్మా, దారియ్యండి. ఇదిగో తాళంచెవి. ఇక నుంచి మోటారు గది తెరవడానికి ఎవరికీ ఫోన్ చేయకు. అట్లాసు కూడా తీసుకో, పేజీ మడిచి పెట్టాను. ఏడో తరగతిలో నువ్వు ఒక ప్రశ్న అడిగితే తప్పు జవాబు చెప్పి కూర్చోబెట్టాను. ఇరవై రెండేళ్లు ఆలస్యమైంది, ఇప్పుడు దిద్దుకుంటున్నాను.

ఉంటరమ్మా. గీడ మనుషులుంటరు.

సెలవు.