తీసేసిన చుక్కలు

యాక్సిలరేటర్ కంట్రోల్ రూమ్‌లో ప్రొఫెసరమ్మ తన శిష్యురాలి గ్రాఫు చూస్తోంది. ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ కలిసిన జంటల్ని వేరే ప్రోటాన్ల మీదికి వదిలితే, అవి ఎటు ఎగిరిపడ్డాయో చెప్పే గ్రాఫు అది.

“మధ్యలో చుక్కలేవమ్మా?”

“తీసేశాను మేడమ్. అక్కడ కణాలు కుడివైపు నా లెక్కకి మించి పడుతున్నాయి. కణాల్ని పట్టే డిటెక్టర్ చెడినట్టుంది.”

“నీ లెక్క ఎలా వేశావు?”

“మూడు కణాలు కదా, ఏ రెండిటి మధ్య ఎంత బలమో విడివిడిగా కట్టి కలిపాను.”

“నువ్వూ మీ అక్కా కబుర్లాడుకుంటుంటే మీ అమ్మ గదిలోకొచ్చిందనుకో?”

“టక్కున మాట మార్చేస్తాం.”

“మరి మూడో కణం పక్కనుంటే ఆ రెండిటి మధ్య బలం మారదా?”

“ఆ చుక్కలు పెట్టాక నిజంగా డిటెక్టరే చెడిందని తేలితే అందరిలో పరువు పోతుంది మేడమ్.”

“కణాల స్పిన్, అదే బొంగరంలా తిరిగే దిశ, తిప్పి చూడు. నిజమైన తేడా అయితే ఎడమకి మారుతుంది. డిటెక్టర్ తప్పయితే కుడివైపే ఉండిపోతుంది.”

“తిప్పాను.”

“పద, ఈలోపు టీ తాగొద్దాం.”

“ఇది తేలేదాకా నేను రాను. మీరు వెళ్లండి.”

“నువ్వు గుడ్లప్పగించి చూస్తే తొందరగా రాదే, పిచ్చిపిల్లా!”

ఇద్దరూ కదల్లేదు. తెరమీద అంకెలు నెమ్మదిగా పెరిగాయి.

“మేడమ్! ఎడమకొచ్చేసింది! సరిగ్గా అంతే తేడా!”

“మళ్లీ తిప్పు.”

“ఇంకా నమ్మకం కుదరలేదా?”

“కుదిరింది. మళ్లీ చూడాలనుంది, అంతే.”

“వచ్చింది మేడమ్, మళ్లీ కుడివైపుకి! ఇప్పుడేం చెయ్యను?”

“ఆ చుక్కలు ఎక్కడివక్కడ పెట్టెయ్. లెక్కలోకి మీ అమ్మని కూడా రానివ్వు.”