సరోజన చెప్పిన అమెరికా

అమెరికల ఒక రాష్ట్రంల ఒక చట్టం, పక్క రాష్ట్రంల ఇంకోటి ఎట్ల నడుస్తయి అమ్మమ్మా అంటవా? కూసో బిడ్డా, చెప్తా.

గది నిజాం జమానా. కానీకి రెండు బలపాలొచ్చేటియి. కానీకా, అర్ధణాకా... ఏదోటి తియ్యి. సిద్దిపేట ఆడపిల్లల బడిల నేనే ఫస్టు. మా బాపుకు బట్టల దుకానముండె. పట్నం నుంచి పెద్ద మేడం తనిఖీకొస్తున్నదని, ఆమె ముందల అమెరికా సర్కారు గురించి ఎవరు చెప్పాల్నో పంతులమ్మ పరీక్ష పెట్టింది. నేను పుస్తకంల పేజీ మొత్తం ఉర్దూల ఊపిరి తియ్యకుండ అప్పజెప్పిన.

"అంటే ఏందే?" అన్నది పంతులమ్మ. నేను మళ్ల మొదటి లైను నుంచి అప్పజెప్పవోయిన.

గప్పుడు సరోజన లేసింది. మగ్గం నేసేటోళ్ల పిల్ల, చేతులకు ఎప్పుడు గంజి వాసనే.

"మా ఇంట్ల నాలుగు మగ్గాలు పంతులమ్మా. నూలు తెచ్చుడు, చీర పొడుగు చెప్పుడు మా తాత పని. అంచు మాత్రం ఎవరి మగ్గం మీద వాళ్లిష్టం. మా చిన్నబాపు ఆకుపచ్చంచు నేస్తే అందరు నవ్విన్రు. చిన్నకోడూరు ఆడోళ్లు అంగట్ల గదే గావాలన్నరు. రెండో మగ్గం మారింది, మూడోది మారింది. ఆఖరికి తాతనే ఆకుపచ్చ నూలు తెప్పిచ్చిండు. మగ్గాలు రాష్ట్రాలు, తాత పెద్ద సర్కారు, అంగట్ల ఆడోళ్లు జనం. గంతే గదా?"

అన్నిసార్లు జనం మాటే నడవది బిడ్డా, తాత నూలాపితే మగ్గమే ఆగుతది. గది సుత రాసుకో.

మేడం ముందల సరోజననే చెప్పింది. మేడం భుజం తట్టింది. నాకైతే కడుపుల మంట. మనకాడ పట్నం నుంచి హుకుమొస్తే తలొంచుడే, మీకేం గావాలని అడిగినోళ్లు లేరు. గా అమెరికోళ్ల మీద సుత కుళ్లుకున్న. కానీ వాళ్లు దూరమున్నరు, సరోజన నా పక్కనే కూసునేది. రేగుపండ్లు తెచ్చిస్తే మొఖం తిప్పుకున్న. మరుసటేడు ఇంటోళ్లు బడి మానిపిచ్చిన్రామెను. నేను బడికి పోతుంటే వాళ్ల వాకిట్ల నూలు కండెలు చుట్టుకుంట నన్ను పేరువెట్టి పిలిచింది. ఇననట్టే పోయిన.

తర్వాత నేనే పంతులమ్మనైన. కొలువున్నన్ని ఏండ్లు గీ పాఠం ఎట్ల మొదలువెట్టిన్నో తెలుసా? "పిల్లలూ, మా ఇంట్ల నాలుగు మగ్గాలు" అని. పిల్లలు నోరు తెరిచి ఇనేటోళ్లు. పైనోళ్లు మెచ్చుకునేటోళ్లు.

బట్టల దుకానపోళ్లింట్ల మగ్గమెక్కడిది బిడ్డా?

ఆ మగ్గాల ముక్క నాకెందుకు తట్టలేదని ఇప్పటికీ కుళ్లే. రేపు నువ్వు బడిల చెప్పేటప్పుడు మా అమ్మమ్మ చెప్పిందనకు. సరోజన చెప్పిందను. సల్లగుండు బిడ్డా. ఏదీ, ఆ పేరు రాసినవా? పెద్దగ రాయి...