రొట్టె మాడితే రచన పాసు

సభకు పెద్దగా కూర్చున్న మేనేజరు నర్సింగం గారికి, ముందు వరుసలోని పెద్దలకు, కాలనీ అక్కలకు, చెల్లెళ్లకు, మొదటి షిఫ్టు ముగించి మొహం కడుక్కుని నేరుగా ఇక్కడికే వచ్చిన తమ్ముళ్లకు ఈ సుసన్నా వందనాలు. నా గొంతు చిన్నది. వినబడని వాళ్లు చెయ్యెత్తితే మైకు దగ్గరికి జరుపుకుంటాను గాని, గొంతు పెంచడం నాకు చేతకాదు. (నవ్వులు)

ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా ఆగయ్య అన్న గనిలో షిఫ్టు పని చూసే ఓవర్‌మన్‌గా ఎంత మంచివాడో ఇంతసేపూ పెద్దలు చెప్పారు. నాకు గని తెలియదు, గోడ తెలుసు. మా రెండు క్వార్టర్లకు నడుమ ఒకటే గోడ, అటు వాళ్ల వంటిల్లు, ఇటు మాది.

అన్న ఇంటర్నెట్టులో బ్లాగు రాస్తాడని అందరికీ తెలుసు. ఎంతమంది చదివారని మాత్రం అడగను, సభలో మీచేత అబద్ధం ఆడించడం నాకు ఇష్టం లేదు. (నవ్వులు)

రాసింది జనానికి సులువుగా అర్థమవుతుందా లేదా అని అన్నకు మొదటి నుంచీ బెంగ. అందుకని బ్లాగులో పెట్టేముందు వంటింటి గడప మీద కూర్చుని, జొన్నరొట్టెలు చేస్తున్న పూలమ్మ వదినకు చదివి వినిపించేవాడు. గనుల చరిత్ర అంటూ చదివినన్ని రోజులూ వదిన రొట్టెలు చందమామల్లా వచ్చాయి. ఒకనాడు, గనిలో ఎలుక అన్న టిఫిన్ డబ్బా మూత తీసి, కూర వదిలేసి గుడ్డు మాత్రమే తిన్న సంగతి చదివాడు. గోడ దాటి మాడు వాసన వచ్చింది.

"ఏందే, రొట్టె మాడవెడ్తివి?" అని అన్న గొంతు.

"నువ్వు గట్ల సదువుతె నేను ఎలుకను జూడాల్నా, రొట్టెను జూడాల్నా?" అని వదిన.

ఆ రోజు నుంచి అన్నకు అదే పరీక్ష అయింది. రొట్టె మాడితే రచన పాసు. ఆ ఇంట్లో భర్త పాసైన రోజు భార్య మాడు రొట్టె తినాలి. (నవ్వులు) అదిగో, వదిన కొంగు అడ్డం పెట్టుకుంటున్నది చూడండి.

ఇంతలో మన ఆఫీసు భూపాల్ అన్న వచ్చాడు. భూపాలన్నా, తల దించుకోకండి, మీరు మంచికే చెప్పారు. మనం రాసినదాన్ని కంప్యూటరులో వేస్తే, చదవడానికి ఎంత సులువో చూసి మార్కులు వేసేది ఒకటి ఉందట. "వాక్యాలు పొట్టిగ రాయాలె బావా, మార్కులు ఎట్ల రావో చూస్త" అన్నాడు. ఆగయ్యన్న రాశాడు. "బొగ్గు నల్లగా ఉంది. గని లోతుగా ఉంది. నేను దిగాను. నేను ఎక్కాను." మార్కులు బాగానే వచ్చాయి. సంబరంగా వదినకు చదివాడు. రొట్టెలు ఒక్కటీ మాడలేదు.

"ఎట్లున్నది?" అన్నాడు.

"ఏది?" అన్నది వదిన. (పెద్దగా నవ్వులు)

మీరు నవ్వుతున్నారు గాని ఆ మాట ఆయనకు తగిలింది. "ఇగ నేను రాయను" అన్నాడు. వానాకాలమంతా ఆ గోడ మూగబోయింది.

నాకెందుకు బాధ అంటారా? మూడో వరుసలో కూర్చున్న మా ఆయన యేసయ్య గారు ఇన్నేళ్లుగా గనిలోకి దిగుతున్నారు. పైకొచ్చి "డ్యూటీ అయింది, బువ్వ పెట్టు" అనడమే గాని కింద చీకట్లో ఏం జరుగుతుందో ఒక్క మాట చెప్పి ఎరుగరు. పై కప్పు చిటపటమంటే ఎట్లా నిలబడి వింటారో, భయమేస్తే ఒకరినొకరు ఏమని ఆటపట్టించుకుంటారో అన్న చదువుతుంటే గోడ ఇవతల నిలబడి విన్నాను. నా భర్త ఎక్కడికి పోతున్నాడో నాకు పక్కింటి గడప చెప్పింది.

కొంచెం నీళ్లు ఇవ్వండమ్మా.

అందుకే ఉపవాస ప్రార్థనలో, "ప్రభువా, పూలమ్మ వదిన రొట్టె మాడనీ" అని అడిగాను. పాస్టరమ్మ విని, "ఆ ఇంటితోటి నీకేం పగ సుసన్నా?" అని చెయ్యి పట్టుకుంది. (నవ్వులు)

దేవుడు ఆలస్యం చేశాడు గాని మరిచిపోలేదు. ఈ పొద్దున భోజనాల కోసం వాళ్ల వాకిట్లో ఆడవాళ్లమంతా పొయ్యిలు పెట్టి రొట్టెలు చేస్తున్నాం. అన్న ఒక కాగితం పట్టుకుని, నసుగుతూ వచ్చి గడప మీద కూర్చున్నాడు. నిన్న ఆఖరిసారి గనిలోకి దిగిన సంగతి, ఈ సభలో చదవడానికి రాసుకున్నాడు. మార్కుల కోసం కాదు, వాక్యాలు ఎంత పొడుగు రావాలో అంత పొడుగే వచ్చాయి. ఆయన చదవడం ఆపి తలెత్తేసరికి వాకిలంతా పొగ. వదినది ఒక్కటే కాదు, అన్ని పెంకల మీదా రొట్టెలు మాడాయి, నాది కూడా.

"ఏమాయె, అందరూ గిట్ల చూస్తున్నరు?" అన్నాడు అన్న.

"ఇంకోసారి సదువు" అన్నది వదిన.

అన్నా, రేపటి నుంచి మీకు షిఫ్టు లేదు, మాకు పొయ్యి ఉంది. రాయండి, చదవండి, మాడనివ్వండి. ఇప్పుడు అన్న ఆ కాగితం చదువుతాడు. ఇక్కడ పొయ్యి లేదు కనుక మీరు నిశ్చింతగా వినవచ్చు. తరువాత భోజనాలు. విస్తరిలో మాడిన రొట్టె పడిందని ఎవరూ పక్కన పెట్టకండి. నల్లగా ఉందని పక్కన పెట్టే ఊరు కాదు మనది.

ఓపికగా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. చిన్న గొంతుకు ఇంతే బలం, సెలవు.