బంగారు తల పిట్ట

ఏప్రిల్ సగం గడిచినా ఫిన్లాండ్ ఉత్తరాన మంచు ఇంకా కరగలేదు. అడవంచున బల్ల మీద ఆర్నె, అతని భార్య హిల్క కూర్చున్నారు. వసంతంలో తిరిగొచ్చే పిట్టల వివరాలు ముప్పై ఏళ్లుగా పక్షుల సంఘానికి పంపేది ఆర్నెయే.

"బంగారు తల పిట్ట ఈ ఏడు రాలేదని రాసెయ్, హిల్కా."

"ఇంకో రెండ్రోజులు చూద్దాం."

"రెండ్రోజులంటూనే పదిరోజులు గడిపావు. ఆ సన్నటి పాట వినపడితే కదా రాయడానికి! అడవి మూగబోయింది."

"పక్క ఊళ్ళో నిన్న కనిపించిందట."

"వాళ్ల అదృష్టం. ఇక్కడ ఇన్ని చెట్లు నరికేశాక ఎందుకొస్తుంది? రాయమంటుంటే!"

హిల్క కలం మూత పెట్టేసింది. ఇక దాచడం ఆమె వల్ల కాలేదు.

"అది వచ్చింది, ఆర్నె. ఇప్పుడు మన నెత్తిమీదే పాడుతోంది."

"నాకేం వినపడట్లేదే?"

"తెలుసు. పదిరోజులుగా తెలుసు. వయసు మళ్ళితే ముందుగా చెవికి అందకుండా పోయేవి ఇలాంటి సన్నటి పాటలేనట. నీకెలా చెప్పాలో తెలీలేదు."

ఆర్నె దుర్భిణి ఎత్తాడు. ఆమె చూపించిన కొమ్మ చివర బొటనవేలంత పిట్ట ముక్కు తెరుస్తోంది, మూస్తోంది. అతను చాలాసేపు అలాగే చూశాడు.

"వచ్చిందని రాయి," అన్నాడు చివరికి. "కింద నీ పేరు పెట్టు. విన్నది నువ్వు."